కొండ నీడన అంకణం నేల

నెల్లూరు సీమలో ఇంటిస్థలాన్ని గజాలలో చెబితే వినేవారు ఒక్క క్షణం ఆగి మనసులో లెక్క వేసుకుంటారు. అక్కడి వాడుక కొలత అంకణం. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల నేల ఒక అంకణం. అంటే 36 చదరపు అడుగులు, నాలుగు చదరపు గజాలు. ఎకరానికి 1210 అంకణాలు. ఈ మాట మొదట పుట్టింది నేల కోసం కాదు, ఇంటి కోసం. రెండు దూలాల నడుమనో, రెండు స్తంభాల నడుమనో ఉండే భాగాన్ని పూర్వులు అంకణం అన్నారు. మనిషి కాళ్ళు చాపుకొని పడుకోవడానికి చాలినంత చోటు అది. పండించే నేలను ఎకరాలలోను, నివసించే నేలను అంకణాలలోను లెక్కించిన ఆ పెద్దలకు ఇల్లు వేరు, ఆస్తి వేరు అన్న తెలివిడి ఉండేది. కాలం మారింది. నేడు అంకణం అనగానే చాలామందికి గది గుర్తుకు రాదు, ధర గుర్తుకు వస్తుంది. నివాసానికీ పెట్టుబడికీ మధ్య చెరిగిపోతున్న ఈ గీతను అర్థం చేసుకోవడానికి బిట్రగుంట వంటి ఊరు చక్కని పాఠం.

నెల్లూరుకు ఉత్తరంగా, కావలికి దక్షిణంగా, బోగోలు మండలంలో ఉన్న చిన్న పట్టణం బిట్రగుంట. చెన్నై నుంచి విజయవాడ వెళ్ళే రైలుమార్గం దాని గుండా సాగిపోతుంది. జాతీయ రహదారి సమీపంలోనే ఉంది. తూర్పున సరుగుడు తోటలు, ఇసుక నేలలు, ఆపైన బంగాళాఖాతం. ఊరికి తోడుగా కొండబిట్రగుంట ఉంది. అక్కడి కొండమీద ప్రసన్న వేంకటేశ్వరస్వామి వెలసి ఉన్నాడు. బిలకూట క్షేత్రమని భక్తులు పిలుచుకునే ఆ గుట్ట నుంచి చూస్తే పొలాలు, చెరువులు, రైలు పట్టాలు, కొత్తగా రాళ్ళు పాతిన ఇళ్ళస్థలాలు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. తీరమైదానంలో కొండ అపురూపం. సముద్రం పొంగినా, ఏరు పొర్లినా ఎత్తు నేల మనిషికి ధైర్యం. అందుకే కొండ నీడన ఇల్లు కట్టుకోవాలన్న కోరిక ఈ ప్రాంతంలో కొత్తది కాదు.

బిట్రగుంట పేరుతో చరిత్రకారులకు పరిచితమైన ఒక రాగిరేకుల శాసనం ఉంది. దాని కాలం శక సంవత్సరం 1278, అంటే క్రీస్తుశకం 1356. విజయనగర రాజవంశానికి చెందిన రెండవ సంగముడు గ్రామదానం చేసి, తన గురువైన శ్రీకంఠనాథుని పేర ఆ ఊరికి శ్రీకంఠపురమని నామకరణం చేశాడు. శాసనాన్ని రచించిన కవి భోగనాథుడు, వేదభాష్యకర్త సాయణునికి సోదరుడు. ఆరున్నర శతాబ్దాల తరువాత రాజు పెట్టిన పేరు గ్రంథాలలో మిగిలింది. జనం నోట మాత్రం గుంట పేరే నిలిచింది. గుంట అంటే నీరు నిలిచే పల్లం. ఊరికి పేరు పెట్టేటప్పుడు సామాన్యుడు ముందుగా నీటిని చూశాడు. కొనేవాడు కూడా మొదట చూడవలసినది అదేనని ఆ పేరు ఇప్పటికీ చెబుతూనే ఉంది.

ఊరి రాతను మార్చినది మరొక కొలత. మద్రాసు, బెజవాడల మధ్య రైలుదారి 1899లో కలిసింది. ఆ దారి పొడవు దాదాపు 430 కిలోమీటర్లు. బిట్రగుంట మద్రాసుకు సుమారు 210 కిలోమీటర్ల దూరంలో, బెజవాడకు సుమారు 220 కిలోమీటర్ల దూరంలో, నడిమధ్యన ఉంది. ఆవిరి ఇంజను మనిషి వంటిది. దానికి ఆకలి ఉంది, దాహం ఉంది, అలసట ఉంది. కొంత దూరం పరుగెత్తాక బొగ్గు నింపాలి, నీరు పట్టాలి, బూడిద దులపాలి, గొట్టాలు శుభ్రం చేయాలి, అలసిన ఇంజనును విప్పి మరొక ఇంజనును తగిలించాలి. మార్గానికి నడుమ ఉన్న బిట్రగుంట ఆ పనులన్నిటికీ అనువైన చోటయింది. లోకోషెడ్డు, గూడ్సు బండ్లను కూర్చి విడదీసే పెద్ద యార్డు, వరుసలు వరుసలుగా క్వార్టర్లు వెలిశాయి. నలుదిక్కుల నుంచి ఉద్యోగులు వచ్చారు. తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు ఒకే వీధిలో వినిపించేవి. ఇంజను కూత గడియారంగా, జీతాల రోజు పండుగగా ఊరు బతికింది.

అయితే ఆ ఊరిలో ఒక విచిత్రం ఉండేది. వేలాది మంది అక్కడ నివసించారు గాని, వారిలో చాలామందికి అక్కడ ఇల్లు లేదు. క్వార్టరు రైల్వేది. గోడలకు సున్నం రైల్వేది, పెరట్లో కుళాయి రైల్వేది. ముప్పైయేళ్ళు కాపురం చేసిన ఇల్లాలు తాను నాటిన కరివేపాకు చెట్టును సైతం పదవీవిరమణ నాడు వదలి వెళ్ళవలసిందే. అందుచేత రైల్వే కుటుంబాలలో ఒక ఆలోచన మొదటి నుంచీ ఉండేది: ఉద్యోగం ముగిసేలోగా ఎక్కడో ఒక చోట నాలుగు అంకణాలు సొంతం చేసుకోవాలి. ప్రావిడెంటు ఫండు నుంచి తీసిన అప్పు, ఇల్లాలి మెడలోని గొలుసు, ఓవర్‌టైమ్ చేసి కూడబెట్టిన డబ్బు అన్నీ కలిసి ఒక చిన్న స్థలంగా మారేవి. వారికి స్థలం లాభం తెచ్చే వస్తువు కాదు. రేపు తల దాచుకోవలసిన చోటు.

అటువంటి కుటుంబం ఒకటి కొండ దాపున ఉంది. ఇంటి యజమాని 1969లో లోకోషెడ్డులో క్లీనరుగా చేరాడు. ఇంజను కడిగాడు, ఫైర్‌మన్‌గా బొగ్గు వేశాడు. పొయ్యి ముందు నిలిచి ఒక వైపు మాడుతూ, తెరచిన ద్వారం గాలికి మరొక వైపు వణుకుతూ కార్తిక మాసపు రాత్రులు గడిపాడు. పెనిమిటి డ్యూటీకి వెళ్ళినపుడు భార్య చీటీ కట్టింది, గేదెను మేపి పాలు అమ్మింది. 1984లో వారిద్దరూ కలిసి కొండకు వెళ్ళే దారిలో 60 అంకణాల స్థలం కొన్నారు. అంటే 240 గజాలు, ఇంచుమించు ఐదు సెంట్లు. అప్పటికి అక్కడ దీపం లేదు, రోడ్డు లేదు. తాటిచెట్లు, వేపచెట్లు, ఒక పాత దిగుడుబావి మాత్రం ఉన్నాయి. బావిని చూసిన తరువాతనే ఆమె సరే అన్నది. ఎండాకాలం చివరలో చేద వేసి నీరు తోడి, రుచి చూసి, "ఉప్పు లేదండీ" అన్న తరువాతనే బయానా ఇచ్చారు.

వారు స్థలం కొనేనాటికే ఊరి భవితవ్యం మలుపు తిరిగింది. విజయవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గం 1980 నాటికి విద్యుదీకరణ పొందింది. విద్యుత్తు ఇంజనుకు బొగ్గు అక్కరలేదు, నీరు అక్కరలేదు. నడిదారిలో ఆగి ఊపిరి పీల్చుకోనక్కరలేదు. అది బిట్రగుంటను చూసీ చూడనట్టు దాటిపోగలదు. దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాల మీద ఆవిరి ఇంజన్ల నిత్యసేవ 1995తో ముగిసింది. షెడ్డు మూతబడింది, యార్డు వైభవం తగ్గింది. ఉద్యోగులు బదిలీల మీద విజయవాడకు, గూడూరుకు, ఇతర చోట్లకు తరలిపోయారు. ఖాళీ అయిన క్వార్టర్ల కిటికీలలో రావి మొక్కలు మొలిచాయి. ఒకే ఇంజనుకు కట్టిన ఊరు ఆ ఇంజనుతోపాటే ఆగిపోతుందన్న సత్యం అక్కడ కళ్ళకు కట్టింది.

ఆ సత్యం ఊళ్ళకే కాదు, పెట్టుబడులకూ వర్తిస్తుంది. 1990వ దశకంలో నెల్లూరు తీరాన రొయ్యల చెరువులు విస్తరించాయి. వరిపొలాలు, ఉప్పునేలలు రాత్రికి రాత్రి చెరువులయ్యాయి. కౌలు ధరలు ఆకాశాన్ని అంటాయి. 1994, 1995 సంవత్సరాలలో తెల్లమచ్చ వైరసు వచ్చి చెరువులను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు చెప్పింది. 2005లో తీర ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థను నెలకొల్పే చట్టం వచ్చింది. ఆ సాగు మళ్ళీ కోలుకుంది. కాని అప్పుచేసి ఒక్క పంట మీదనే సర్వస్వం పెట్టినవారిలో ఎందరో కోలుకోలేదు. చెరువుల పక్కన బావులు ఉప్పుబారిన ఊళ్ళలో తాగునీటి బిందెకు కూడా ధర పలికింది. ఏది పెరిగిందో చూసినవారు, ఏది తరిగిందో చూడడం మరచారు.

తరువాత రేవుల కాలం వచ్చింది. నెల్లూరుకు ఆగ్నేయంగా ఉన్న కృష్ణపట్నం రేవును 2008 జులైలో జాతికి అంకితం చేశారు. ఆ చుట్టుపట్ల భూముల ధరలు పెరిగిన వార్త జిల్లా అంతటా పాకింది. బిట్రగుంటకు ఉత్తరాన రామాయపట్నం రేవుకు 2019 జనవరిలో ఒకసారి, 2022 జులైలో మరొకసారి ఇద్దరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేశారు. బోగోలు మండలంలోని జువ్వలదిన్నె వద్ద చేపలరేవు నిర్మాణం జరిగింది. ఒక్కొక్క ప్రకటనతో రహదారి పక్కన ఒక్కొక్క లేఅవుటు పుట్టింది. పొలంలో తెల్లరాళ్ళు పాతి, ఎర్రమట్టి బాట వేసి, ఒక కమాను కట్టి, కొబ్బరి మొక్కలు నాటారు. కొన్నవారు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉన్నారు. వారిలో కొందరు స్థలాన్ని ఒక్కసారైనా చూడలేదు. దూరపు కొండలు నునుపు అన్న సామెత అక్కరకు వచ్చే చోటు ఇదే. ఫొటోలో కొండ పచ్చగా కనిపిస్తుంది. కొండమీద పడిన వాన ఎటు పారుతుందో ఫొటోలో కనిపించదు.

ఇంజను డ్రైవరుగా ఎదిగిన ఆయన 2008లోనే పదవీవిరమణ చేశాడు. చేతిలో గ్రాట్యుటీ డబ్బు ఉన్నదని తెలిసి మధ్యవర్తులు ఇంటి చుట్టూ తిరిగారు. ఆయన ఎవరినీ నొప్పించలేదు, ఎవరికీ బయానా ఇవ్వలేదు. ఆ డబ్బుతో కొండదారి స్థలంలో రెండు గదులు, వంటిల్లు, వసారా కట్టుకున్నాడు. మిగిలినది బ్యాంకులో వేశాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒకే ఏడాదిలో ఆయన ఇల్లూ కట్టాడు, కూతురి పెళ్ళీ చేశాడు.

ఏళ్ళు గడిచాయి. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న కొడుకు సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తెచ్చేవాడు. "నాయనా, ఈ కొండ కింద ఏముందని పట్టుకొని కూర్చున్నావు? దీన్ని అమ్మి హైవే పక్కన కొందాం. రేవు వస్తే పదింతలవుతుంది" అనేవాడు. ఆ మాటలో ఆశ మాత్రమే లేదు, భయమూ ఉంది. అతనికి ఇద్దరు పిల్లలు. వారి చదువులకు డబ్బు కావాలి. పింఛను లేని ఉద్యోగం అతనిది. తండ్రికి ఊరు ఎటువంటి ఆసరాయో, కొడుకుకు ఆస్తి అటువంటి ఆసరా. ఇద్దరూ కోరింది భద్రతనే. ఒకరు దానిని గోడలలో వెదికారు, ఒకరు ధరలో వెదికారు. వారి వాదంలో మన కాలపు ఇళ్ళలో జరిగే వాదాలన్నీ ఇమిడి ఉన్నాయి.

తండ్రి వాదించలేదు. కాగితం తెమ్మన్నాడు. లెక్క చెప్పాడు. 72ను వడ్డీరేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నూటికి ఎనిమిది వడ్డీ వచ్చే చోట డబ్బు తొమ్మిదేళ్ళలో రెండింతలవుతుంది. ఖాళీస్థలానికి అద్దె రాదు, పంట రాదు. అది తొమ్మిదేళ్ళకొకసారి రెట్టింపయినప్పుడే ఆ వడ్డీతో సమానంగా నిలిచినట్టు. పద్దెనిమిదేళ్ళకు రెట్టింపయితే వచ్చినది నూటికి నాలుగే. అందులోంచి రిజిస్ట్రేషను ఖర్చు, మధ్యవర్తి రుసుము, కంచె, కాపలా తీసివేయాలి. పదింతలయిన స్థలాల కథలు ఊరంతా చెప్పుకుంటారు. పదేళ్ళుగా కొనేవాడు లేక నిలిచిపోయిన స్థలాల కథలను వాటి యజమానులు తమలోనే దాచుకుంటారు. కాబట్టి వినవచ్చే కథలతో సరాసరి కట్టకూడదు.

లెక్క విన్న కొడుకు, "అయితే ఒకసారి పోయి చూద్దాం" అన్నాడు. ఇద్దరూ రహదారి పక్కన లేఅవుటుకు వెళ్ళారు. కొడుకు రోడ్ల వెడల్పు చూశాడు. తండ్రి గట్టు మీద మేకలు మేపుతున్న ముసలాయన దగ్గర నిలిచి, "కార్తికంలో నీళ్ళు ఎటు పోతాయన్నా?" అని అడిగాడు. ఆయన చేతికర్ర చాచి చూపించాడు. "కొండ మీద నుంచి దిగి, ఆ చెట్ల కాడ మలిగి, ఈ రాళ్ళు పాతిన కాడికే వస్తాయి సామీ. పెద్ద వాన పడిన ఏడు మోకాటి లోతు నిలబడతాయి" అన్నాడు. మరునాడు కొడుకు రెవెన్యూ కార్యాలయంలో గ్రామ పటం చూశాడు. ముసలాయన కర్రతో గీసిన గీతే అక్కడ సిరాతో గీసి ఉంది. దాని పక్కన వాగు పోరంబోకు అని రాసి ఉంది.

ఆ గీత ఎంత విలువైనదో నెల్లూరు వాతావరణం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఈ జిల్లాకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాల కాలంలో. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే ఏడాది వాన నాలుగు రోజుల్లో కురవవచ్చు. 2015 నవంబరులో నెల్లూరు అలా మునిగింది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు వద్ద రైలుపట్టాల కింది కట్టను కోసివేసింది. చెన్నై, విజయవాడల మధ్య రైళ్ళు ఆగిపోయాయి. శతాబ్దం దాటిన రైలుకట్టనే కోసుకుపోయిన నీటికి కొత్తగా పోసిన ఎర్రమట్టి బాట అడ్డమా? తీరం వైపు వెళ్ళినా జాగ్రత్త తప్పదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ జిల్లా తీరగ్రామాలను కూడా తాకింది. సముద్రపు ఆటుపోట్ల గీత నుంచి 500 మీటర్ల వరకు నిర్మాణాలపై తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి అమలులో ఉన్నాయి.

నీటిని చూసిన తరువాత చూడవలసినది కాగితం. అడంగల్, వన్ బి, పట్టాదారు పాసుపుస్తకం నేల ఎవరిదో చెబుతాయి. ఈసీ అని జనం పిలిచే ఋణభార పత్రం, ఆ నేల ఎన్ని చేతులు మారిందో, ఎక్కడ తాకట్టులో ఉందో చెబుతుంది. రిజిస్ట్రేషను చట్టంలోని 22-ఎ సెక్షను కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, వక్ఫు భూములు అందులో చేరతాయి. పేదలకు ప్రభుత్వం పంచిన డి.కె.టి. పట్టా భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. 2023లో కొన్ని సడలింపులు వచ్చినా, అటువంటి నేల వెనుక కథ తెలుసుకోకుండా చేయి చాచడం తగదు. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటుకు 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు ఉండాలి. కమాను ఎంత ఎత్తున్నా నమోదు సంఖ్యకు సాటిరాదు.

కొండ ఉన్న చోట దేవుడుంటాడు, దేవుడున్న చోట మాన్యాలుంటాయి. విశాఖపట్నం శివారులో సింహాచలం కొండ చుట్టూ ఉన్న పంచగ్రామాల భూవివాదం దీనికి పెద్ద ఉదాహరణ. దేవస్థానం భూములుగా నమోదైన చోట వేలాది కుటుంబాలు ఇళ్ళు కట్టుకొని, తమ ఇంటిని అమ్ముకోలేక, కొన్నిసార్లు మరమ్మతులకైనా అనుమతి పొందలేక దశాబ్దాలు గడిపాయి. ఇల్లు ఉంది, హక్కు లేదు. బిట్రగుంట క్వార్టరులో కాపురమున్న కార్మికునికి ఆ ఇల్లు తనది కాదని తెలుసు. తనదేనని నమ్మి కట్టుకొన్నవాని వేదన అంతకంటె లోతైనది.

ఈ ప్రశ్నలు మన తీరానికే పరిమితం కావు. ఇండోనేషియాలోని జావా దీవి ఉత్తర తీరాన సెమరాంగ్ అనే నగరం ఉంది. ఆ దేశపు తొలి రైలుమార్గం 1867లో అక్కడి నుంచే బయలుదేరింది. రేవు, రైలు, కొండ మూడూ ఉన్న నగరం అది. సముద్రపు ఒడ్డున ఉన్న పల్లపు నగరం ఉక్కకూ, వ్యాధులకూ నిలయం కాగా, ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో డచ్చివారు దక్షిణాన ఉన్న చాండీ కొండలమీద కొత్త నివాసాలు కట్టారు. వాటికి రూపకల్పన చేసినవారిలో థామస్ కార్‌స్టెన్ ప్రముఖుడు. నేల వాలును గౌరవించి, దానిని అనుసరించి వీధులు వేయడం ఆయన పద్ధతి. నేడు సెమరాంగ్ పల్లపు ప్రాంతం భూగర్భజలాన్ని అతిగా తోడడం వల్ల కుంగిపోతోంది. పోటు వచ్చినప్పుడు వీధుల్లోకి సముద్రం వస్తోంది. కొండ వైపు స్థలాలకు గిరాకీ ఉండడం సహజమే. అయితే చెట్లు నరికి, వాలు తొలిచి కట్టిన చోట కొండచరియలు విరిగిపడుతున్నాయి. ఎత్తు నేల రక్షణ ఇస్తుంది, కాని దాని షరతులు దానికి ఉన్నాయి. అక్కడి 1960 నాటి భూచట్టం సంపూర్ణ యాజమాన్యపు హక్కును తమ పౌరులకే ఇచ్చింది. విదేశీయుడు పరిమిత హక్కులతోనే నివసించాలి. కొనడం అంటే నేలను మాత్రమే కాక, ఆ దేశపు చట్టాన్నీ, ఆ కొండ స్వభావాన్నీ ఒప్పుకోవడం.

గ్రామ పటం చూసి వచ్చిన నాటి సాయంత్రం తండ్రీకొడుకులు వసారాలో కూర్చున్నారు. కొడుకు హైవే స్థలం మాట విడిచిపెట్టాడు గాని, తన ప్రశ్నను విడిచిపెట్టలేదు. "సరే నాయనా, అది మంచిది కాదు. మరి ఇది మాత్రం ఎవరి కోసం? మీ తరువాత ఇక్కడ ఎవరుంటారు?" అన్నాడు. ఆ ప్రశ్నకు తండ్రి దగ్గర కూడా లెక్క లేదు. చాలాసేపు ఊరుకొని, "మేమున్నన్నాళ్ళు ఇది ఇల్లు. తరువాత నీకు స్థలం. అప్పుడు అమ్ముకుంటే నాకు బాధ లేదు. ఇప్పుడే స్థలమని పిలవొద్దురా" అన్నాడు. తల్లి లోపలి నుంచి, "బావిలో ఇంకా తియ్యటి నీళ్ళుండాయి, దాన్ని మాత్రం పూడ్చే వాళ్ళకు అమ్మబాకండి" అంది.

మార్కెట్టు ఆ మాటలకు ధర కట్టలేదు. కాని ఊరు నిలిచేది అటువంటి షరతుల వల్లనే. ఇళ్ళలో మనుషులుంటే బడిలో పిల్లలుంటారు, ఆసుపత్రికి వైద్యుడు వస్తాడు, అంగడి తెరుచుకుంటుంది, బస్సు ఆగుతుంది. కొన్నవారెవరూ నివసించని వెయ్యి స్థలాలు ఒక వీధిని కూడా నిలపలేవు. మరొకవైపు, పెట్టుబడి లేనిదే ఊరికి చలనం లేదన్నదీ నిజమే. రేవు వస్తే పని వస్తుంది, పని వస్తే మనుషులు వస్తారు. రైల్వే వచ్చినప్పుడు బిట్రగుంటకు అదే జరిగింది. రైల్వే నేర్పిన రెండవ పాఠం కూడా గుర్తుంచుకోవాలి. ఒక్క ఇంజను వెంట వచ్చినదంతా ఆ ఇంజను వెంటే పోకుండా ఉండాలంటే, ఊరు తన కాళ్ళకింద మరికొన్ని ఆధారాలను సమకూర్చుకోవాలి. తియ్యని నీరు, మూసుకుపోని వాగు, వివాదం లేని పత్రం, చదువు చెప్పే బడి, పిలిస్తే పలికే పొరుగు అటువంటి ఆధారాలు. ఇవి ఉన్న చోట పెట్టిన డబ్బు మెల్లగా పెరిగినా నిలుస్తుంది. ఇవి లేని చోట ఎంత వేగంగా పెరిగినా అది అంకె మాత్రమే.

నేడు కళాశాలలో చదువుతున్నవారు రేపు సంపాదనపరులవుతారు. మొదటి జీతం చేతికి వచ్చిన ఏడాదే ఎవరో ఒకరు ఒక రంగుల కాగితం చూపించి, కొండ పక్కన, రేవు పక్కన, రహదారి పక్కన స్థలం ఉన్నదని చెబుతారు. ఆ కాగితాన్ని కాదనడమో, ఔననడమో తరువాతి మాట. ముందు వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అక్కడికి వెళ్ళి నిలబడాలి. నీరు ఎటు పారుతుందో మేకల కాపరిని అడగాలి. బావిలో నీరు తోడి రుచి చూడాలి. ఆ నేల మీద తనవారెవరైనా కాళ్ళు చాపుకొని నిశ్చింతగా నిద్రపోగలరా అని తలచి చూసుకోవాలి. అంకణం అన్న కొలతను మొదట కల్పించినవారు వేసుకున్న లెక్క అదే.